పదిహేనేళ్ల పిల్లల్ని ఆరున్నరకే బస్సెక్కించే నగరం

హైదరాబాద్‌లో ఫీజు ఎక్కువయ్యేకొద్దీ బడి గంట అంత పెందలాడే మోగుతుంది. జంట నగరాల్లోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో తరగతులు 8:45కు మొదలవుతాయి. నేను భౌతికశాస్త్రం బోధించే నిజాంపేట, బాచుపల్లి ప్రాంతంలో చాలా ప్రైవేటు బడులు ఎనిమిది లోపే ప్రార్థన ముగిస్తాయి. పదో తరగతికి వచ్చేసరికి ప్రార్థనకు ముందే ‘జీరో పీరియడ్’ పేరుతో ఇంకొక పాఠం ఉంటుంది. ప్రభుత్వ బడుల్లోనూ పదో తరగతికి ప్రత్యేక తరగతులు పెడతారు, కాదనను. అయితే అవి పరీక్షల కాలానికి వచ్చే అదనపు భారం, మా వైపు మాత్రం జూన్ నుంచీ ఇదే దినచర్య. సర్కారు బడి పిల్లవాడికి ఉచితంగా దక్కే గంట నిద్రను మనం ఏడాదికి లక్షలు కట్టి మరీ పోగొట్టుకుంటున్నామని సమావేశాల్లో అన్నప్పుడల్లా తల్లిదండ్రులు నవ్వుతారు. నేను నవ్వించడానికి అన్న మాట కాదది.

బడి సమయం అనగానే అందరం గంట కొట్టే వేళనే లెక్కలోకి తీసుకుంటాం. పిల్లల విషయంలో లెక్క పెట్టవలసింది బస్సు వచ్చే వేళ. మియాపూర్ దగ్గర మొదటి స్టాపులో ఎక్కే పిల్లవాడు హైదర్‌నగర్, ప్రగతినగర్ వీధులన్నీ చుట్టి బాచుపల్లి చేరేసరికి ముప్పావుగంట పైనే పడుతుంది. బస్సు 6:35కు వస్తుందంటే ఇంట్లో లైటు వెలిగేది ఐదున్నరకు. రెండు జడలు తప్పనిసరి అన్న నిబంధన ఉన్న బడుల్లో ఆడపిల్లలు ఇంకో పావుగంట ముందే లేవాలి. తల్లి ఇడ్లీ నోట్లో కుక్కుతుంటే సగం కళ్లు మూసుకునే సాక్సు తొడుక్కుని, మిగతా రెండు ఇడ్లీలు డబ్బాలో పెట్టించుకుని, అవి బస్సులో తిందామనుకుని, కిటికీ ఊచకు తల ఆనించి నిద్రపోయి, చివరికి ఆ డబ్బాను పదిన్నరకు విరామంలో తెరిచే పిల్లలను నేను రోజూ చూస్తాను.

13 నుంచి 18 ఏళ్ల వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సిఫారసు చేసింది. మధ్యేమార్గంగా తొమ్మిది గంటలనుకుందాం. ఐదున్నరకు లేవవలసిన పిల్లవాడు రాత్రి ఎనిమిదిన్నరకు నిద్రపోయి ఉండాలి. ఈ నగరంలో రాత్రి ఎనిమిదిన్నరకు ఏం జరుగుతుంటుంది? ట్యూషన్ అప్పుడే వదులుతారు. గచ్చిబౌలి నుంచి బయలుదేరిన తండ్రి ఇంకా జేఎన్‌టీయూ కూడలి దాటి ఉండడు. కుక్కరు మూడో కూత కూయలేదు. అందరూ కలిసి తినాలన్న మంచి ఉద్దేశంతో భోజనం తొమ్మిదిన్నరకు, ఆ తర్వాత మిగిలిన హోంవర్కు. పడక చేరేది పదకొండుకు. అంటే నిద్రకు మిగిలింది ఆరున్నర గంటలు, అదీ పడుకున్న వెంటనే నిద్ర పడితే.

ఆ ‘పడితే’ అన్న దగ్గరే ఈ వయసు పిల్లల అసలు ఇబ్బంది ఉంది. మన నిద్రను రెండు ప్రక్రియలు నడుపుతాయని జ్యూరిక్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించారు. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ వంటి పదార్థాలు పేరుకుని నిద్ర ఒత్తిడి పెరుగుతూ పోవడం మొదటిది. మెదడు అడుగున ఉండే హైపోథలామస్ అనే భాగంలోని చిన్న కణసముదాయం ఒకటి కంటిలో పడే వెలుగును బట్టి రాత్రీ పగలూ గుర్తించి, చీకటి పడ్డాక నిద్రవేళ అయిందని శరీరానికి చెప్పే మెలటోనిన్ అనే హార్మోను విడుదలకు అనుమతివ్వడం రెండోది. యుక్తవయసు వచ్చేసరికి రెండూ మారిపోతాయి. నిద్ర ఒత్తిడి నెమ్మదిగా పేరుకుంటుంది, మెలటోనిన్ ఆలస్యంగా విడుదలవుతుంది. పదేళ్లప్పుడు తొమ్మిదింటికే సోఫాలో ఒరిగిపోయిన పిల్లవాడికి పదిహేనేళ్లకు పదిన్నర దాటినా కంటి మీదికి కునుకు రాకపోవడానికి కారణం ఇదే. తెల్లవారుజామున అతన్ని లేపుతున్నప్పుడు అతని శరీరానికి అది ఇంకా నడిరాత్రి.

మేరీ కార్స్‌కడన్ అనే పరిశోధకురాలు 1970లలో స్టాన్‌ఫర్డ్‌లో పిల్లలకు వేసవి నిద్రా శిబిరాలు నడిపారు. ఏటా అదే పిల్లలను రప్పించి, రాత్రి పది గంటల సేపు పడక మీద ఉండనిచ్చి, వాళ్లు నిజంగా ఎంతసేపు నిద్రపోతున్నారో కొలిచారు. పిల్లలు పెద్దవుతున్నకొద్దీ వాళ్లకు కావలసిన నిద్ర తగ్గుతుందని అప్పటిదాకా అందరూ అనుకునేవారు. తగ్గలేదు. చిన్నవాళ్లూ పెద్దవాళ్లూ సుమారు తొమ్మిది గంటలకు పైగానే నిద్రపోయారు. అంతే కాకుండా, యుక్తవయసులోకి అడుగుపెట్టినవాళ్లు అంత నిద్రపోయి కూడా మధ్యాహ్నం వేళ చిన్నవాళ్లకన్నా ఎక్కువగా తూగారు. నిద్రవేళ వెనక్కు జరగడానికీ యుక్తవయసు మార్పులకూ సంబంధం ఉందని ఆమె బృందం 1993లో చూపింది. ఈ జాప్యం ఇరవై ఏళ్ల ప్రాంతంలో పతాకస్థాయికి చేరి అక్కడినుంచి మళ్లీ ముందుకు జరగడం మొదలవుతుందని 2004లో మ్యూనిక్ శాస్త్రవేత్త టిల్ రోయెన్నెబెర్గ్ బృందం గుర్తించింది. పెంపకం మంచిదైనా చెడ్డదైనా ఈ మార్పు వస్తుంది, కొన్నేళ్లకు పోతుంది.

ఈ తేదీలను పట్టి పట్టి చెప్పడానికి కారణం ఉంది. ‘అంతా ఆ ఫోన్ వల్లే మేడమ్’ అనే మాటతో మా బడిలో ప్రతి తల్లిదండ్రుల సమావేశమూ మొదలవుతుంది, దాదాపు దానితోనే ముగుస్తుంది. ఫోన్ నిద్రను చెడగొడుతుందనడంలో నాకు భేదాభిప్రాయం లేదు. తొమ్మిది దాటాక ఫోన్ తీసి హాల్లో పెట్టేయండని నేనూ చెబుతాను. అయితే కార్స్‌కడన్ ఆ పిల్లలను గమనించిన నాటికి జేబులో ఫోన్ అనే వస్తువే లేదు. ఫోన్ లాక్కుని తొమ్మిదింటికి పడుకోబెట్టిన పదిహేనేళ్ల పిల్లవాడు చాలా ఇళ్లలో పదిన్నర దాకా ఫ్యాను వంక చూస్తూ పడుకుంటాడు. ఆ సమయంలో పక్క గదిలో తండ్రి అమెరికా క్లయింటుతో కాల్‌లో ఉంటాడన్నది వేరే సంగతి.

ఇంకొక వాదన తాతల కాలంనాటిది. నాలుగింటికి లేచి చదివితే చదివింది చదివినట్టు బుర్రకెక్కుతుందని, బ్రాహ్మీ ముహూర్తాన్ని మించిన చదువు వేళ లేదని మన ఇళ్లలో గట్టి నమ్మకం. మా నాన్నగారు నాలుగింటికి లేచి చదివే పట్టా పుచ్చుకున్నారు. అయితే ఆ ఇంట్లో రాత్రి ఏడున్నరకు భోజనాలు, ఎనిమిదిన్నరకల్లా వాకిట్లో మంచాలు. కరెంటు ఉన్నా ఒక బల్బు. నాలుగింటికి లేచినవాళ్ల కథ చెప్పేటప్పుడు వాళ్లు ఎన్నింటికి పడుకున్నారో చెప్పడం మనకు అలవాటు తప్పింది. ఆ ఉదయాన్ని మాత్రం పట్టుకుని, దానికి ఈ నగరపు రాత్రిని అతికించి పిల్లల నెత్తిన పెట్టాం.

నిద్ర తగ్గితే రాత్రంతా సమానంగా తగ్గదన్నది చాలామంది గమనించని విషయం. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలో వస్తుంది, కలలు వచ్చే రెమ్ నిద్ర ఎక్కువగా తెల్లవారుజామున వస్తుంది. అలారంతో తెగిపోయేది ఆ రెండోదే. నేర్చుకున్నవాటిని మెదడు పాతవాటితో ముడివేసుకోవడంలో, మనసుకు తగిలిన దెబ్బల పదును తగ్గించుకోవడంలో ఆ నిద్రకు పాత్ర ఉందని పరిశోధకులు చెబుతున్నారు. పదో తరగతి పిల్లలు ఊరికే చిటపటలాడతారని, చిన్న మాటకే కళ్లనీళ్లు పెట్టుకుంటారని అందరం వయసు మీద నెట్టేస్తాం. అందులో వయసు వాటా ఎంతో, ఐదున్నర అలారం వాటా ఎంతో విడదీయాలంటే ముందు ఆ అలారాన్ని తీసి చూడాలి.

తరగతిలో నాకు కనిపించేది ఒకటి చెబుతాను. ఒక సెక్షన్‌కు నాది మొదటి పీరియడు, ఇంకొక సెక్షన్‌కు మధ్యాహ్న భోజనానికి ముందు. గోళాకార దర్పణాల పాఠం రెండింటికీ ఒకే రోజు చెబుతాను. నోటుబుక్కులు దిద్దేటప్పుడు పేర్లు చూడకుండానే ఏ సెక్షన్‌వో పోల్చుకోగలను. మొదటి పీరియడు పుస్తకాల్లో పై నాలుగు వరుసలు బుద్ధిగా గీత మీద ఉంటాయి, ఐదో వరుసకు అక్షరాలు గీత దిగి వాలడం మొదలుపెడతాయి, ఒక మాట సగంలో ఆగి అక్కడినుంచి పెన్ను గీత ఒకటి మార్జిన్ దాకా జారి ఉంటుంది, దాని కింద మళ్లీ వేరే వాక్యం మధ్యలోంచి మొదలవుతుంది. జారిన ఆ నిమిషంలో నేను బోర్డు మీద దూరాలకు ధన, రుణ గుర్తులు ఎలా పెట్టాలో చెప్పి ఉంటాను. ఆ పిల్లలే యూనిట్ టెస్టులో నాభ్యంతరానికి తప్పు గుర్తు వేస్తే ‘అజాగ్రత్త’ అని ప్రోగ్రెస్ కార్డులో రాసే ఆనవాయితీ మాది. ఇది పరిశోధన కాదని నాకు తెలుసు, నలభై మంది పిల్లల రాత మాత్రమే.

పరిశోధన కావాలన్నవాళ్లకు సియాటెల్ ఉంది. ఆ నగరం 2016లో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల సమయాన్ని 7:50 నుంచి 8:45కు మార్చింది. మారకముందు ఒక బృందానికీ, మారాక అదే తరగతి చదువుతున్న ఇంకొక బృందానికీ వాషింగ్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు మణికట్టుకు పరికరాలు కట్టి నిద్రను కొలిచారు. పిల్లలు నోటితో చెప్పిన లెక్క మీద మాత్రమే ఆధారపడలేదు. 2018లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం సగటు పిల్లవాడి నిద్ర 6 గంటల 50 నిమిషాల నుంచి 7 గంటల 24 నిమిషాలకు పెరిగింది. బడి ఆలస్యమైతే ఆ మేరకు ఇంకా ఆలస్యంగా పడుకుంటారు తప్ప ఒరిగేదేమీ లేదని అందరూ వేసే మొదటి ప్రశ్నకు ఇదే జవాబు. పడుకునే వేళలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు, లేచే వేళ మారింది. 55 నిమిషాలు వెనక్కు జరిపితే 34 నిమిషాలు నిద్రలోకి చేరాయి. మనకు 34 నిమిషాలంటే ఏముందిలే అనిపిస్తుంది. రోజూ ఆ అరగంట కోసం మందు అమ్మితే కొనని తల్లిదండ్రులు ఈ ఊళ్లో ఉండరు.

అమెరికాలో ఇది మొదటి ప్రయత్నమూ కాదు. మినియాపొలిస్ నగరం 1997లోనే 7:15 గంటను 8:40కు జరిపింది. ఉన్నత తరగతులు 8:30కు ముందు మొదలుపెట్టవద్దని ఆ దేశపు పిల్లల వైద్యుల సంఘం 2014లో కోరింది, కాలిఫోర్నియా 2019లో దాన్ని చట్టంగా చేసి 2022 నుంచి అమలు చేస్తోంది. ఫ్లోరిడా కూడా 2023లో చట్టం చేసింది గానీ, బస్సులూ డ్రైవర్లూ ఖర్చులూ కుదరవని జిల్లాలు మొత్తుకోగా అమలు కాకముందే 2025లో వెనక్కు తీసుకుంది. దీన్ని దాచి వాదించడం నాకిష్టం లేదు. ఈ సంస్కరణ ఎక్కడ చెడినా బస్సు దగ్గరే చెడుతుంది.

అమెరికా సంగతి మనకెందుకు అంటారా, కోచింగుల్లో మనకు అన్నలాంటి దక్షిణ కొరియా ఉంది. అక్కడి గ్యాంగీ రాష్ట్రం 2014లో బడులను ఉదయం 9 గంటలకు మార్చింది. సియోల్‌లో ప్రైవేటు ట్యూషన్ కేంద్రాలు రాత్రి 10కల్లా మూసేయాలన్న నిబంధన అంతకు ముందునుంచే ఉంది. ఉదయాన్ని వదులు చేసినప్పుడు రాత్రికి కూడా గడియ పెట్టాలన్న ఆలోచన మనకు పాఠం కావాలి. గ్యాంగీలో 2022లో కొత్త అధికారి వచ్చి సమయం నిర్ణయించుకునే స్వేచ్ఛ బడులకే ఇచ్చేశారు, ఉత్తర్వు మీద మాత్రమే నిలబడిన మార్పు అలాగే పోతుంది. చైనా 2021లో మాధ్యమిక పాఠశాలలు 8 గంటలకు ముందు తరగతులు పెట్టరాదని చెప్పింది. పోటీ చదువుల కోసం పిల్లలను పిండడంలో మనకు ఏమాత్రం తీసిపోని దేశాలివి.

మన దేశంలో ఈ విషయంలో కదిలింది మహారాష్ట్ర. పిల్లలకు నిద్ర చాలడం లేదని 2023 డిసెంబరులో గవర్నరు అనడం, 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వం పూర్వ ప్రాథమికం నుంచి నాలుగో తరగతి దాకా బడులను 9 గంటలకు ముందు తెరవవద్దనడం చకచకా జరిగాయి. ఉద్దేశం మంచిదే. తిరగబడింది వరస. ఆరేడేళ్ల పిల్లలు ఎవరూ లేపకుండానే ఆరింటికి లేచి ఇల్లు పీకి పందిరి వేస్తారు, రాత్రి తొమ్మిదికల్లా సోలిపోతారు. ఉదయం మూసుకుపోయేది తొమ్మిది, పది, ఇంటర్ చదివే పిల్లల కళ్లు. చిన్నపిల్లలు ముద్దుగా నిద్రపోతుంటే లేపడానికి మనకు మనసొప్పదు, మీసాలు మొలుస్తున్నవాడు నిద్రపోతుంటే దుప్పటి లాగేస్తాం. విధానాలు కూడా ఆ మనసుతోనే తయారవుతున్నాయి.

ట్రాఫిక్ గురించి వచ్చే అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోలేం. తొమ్మిదింటికి బడి పెడితే బస్సులు ఐటీ రద్దీలో చిక్కుకుంటాయని మా యాజమాన్యం అంటుంది, అది నిజమే. కానీ 2023 జులై వానలప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ ఉద్యోగులను మూడు విడతలుగా ఇళ్లకు పంపమని కంపెనీలను కోరారు. పెద్దవాళ్ల సమయాలను సర్దవచ్చునని ఈ నగరానికి తెలుసు. అంతకన్నా సులువైనది బడి చేతిలోనే ఉంది. అదే బస్సు రెండు ట్రిప్పులు తిరిగే బడుల్లో పెద్ద పిల్లలను ముందు, చిన్నవాళ్లను తర్వాత తెస్తారు. ఆ వరస మార్చి, చిన్నవాళ్లను మొదటి ట్రిప్పులో ఎనిమిదింటికి, ఎనిమిది నుంచి పది తరగతులవాళ్లను రెండో ట్రిప్పులో తొమ్మిదింటికి తేవచ్చు. తల్లిదండ్రులిద్దరూ ఎనిమిదిన్నరకే ఆఫీసులకు వెళ్లిపోయే ఇళ్లకూ ఇదే నప్పుతుంది, ఎందుకంటే పదిహేనేళ్ల పిల్లవాడు ఇల్లు తాళం వేసుకుని రాగలడు, ఆరేళ్లవాడు రాలేడు. జనవరిలో హైదరాబాద్‌లో సూర్యోదయమే పావు తక్కువ ఏడు కాబట్టి చిన్నవాళ్ల ట్రిప్పు కూడా మరీ చీకట్లో ఉండకూడదన్న జాగ్రత్త మాత్రం తప్పదు. వేసవి ఒంటిపూట బడులను నేను ఇందులో కలపను. మార్చి ఎండల్లో 8 గంటల బడికి న్యాయమైన కారణం ఉంది.

సాయంత్రం ఆలస్యమవుతుందన్న అభ్యంతరానికి జీరో పీరియడ్ తీసేయడం చాలు. ఇన్ని తెల్లవారుజాములు ధారపోసి సిద్ధం చేసే పదో తరగతి పబ్లిక్ పరీక్ష మొదలయ్యేది ఉదయం 9:30కు. పరీక్ష పెట్టే బోర్డుకు ఉన్న కనికరం పాఠం చెప్పే మాకు లేకపోయింది.

ఇంటర్ హాస్టళ్ల ముందు ఇదంతా సుఖమే. మా అక్క కూతురు చదివే రెసిడెన్షియల్ కళాశాలలో గది తలుపు వెనక అంటించిన టైంటేబుల్ నేను చూశాను. 5:00 నిద్ర లేపు, 5:30 స్టడీ అవర్, రాత్రి చివరి గడి 10:30, దాని పక్కన ‘డౌట్స్ ఉన్నవారికి 11:15’. ఔటింగ్ ఇచ్చిన ఆదివారం ఇంటికి వచ్చి, అడిగి మరీ చేయించుకున్న బిర్యానీ ముందు కూర్చుని, చెంచా పట్టుకునే కూర్చున్నచోట నిద్రపోయింది. కోచింగ్ కేంద్రాలకు కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు రోజుకు ఐదు గంటలకు మించి బోధించవద్దనీ, మరీ పొద్దున్నే గానీ మరీ రాత్రి గానీ పెట్టవద్దనీ అంటాయి. కళాశాల పేరుతో నడిచే కోచింగ్ ఆ కాగితం కింద తల దూర్చకుండా తప్పించుకుంటోంది. తమాషా ఏమిటంటే, 2025 జనవరిలో తెలంగాణ హైకోర్టు పదహారేళ్ల లోపు పిల్లలను ఉదయం 11కు ముందు, రాత్రి 11 తర్వాత సినిమా హాళ్లలోకి రానివ్వవద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది, తర్వాత దాన్ని సడలించింది. వేళకాని వేళ తెర ముందు కూర్చోబెట్టడం పిల్లలకు మంచిది కాదన్న ఆందోళన వరకు కోర్టు గుమ్మం ఎక్కింది. వేళకాని వేళ బెంచీ మీద కూర్చోబెట్టడం ఇంకా ఎక్కలేదు.

నిరుడు వేసవి సెలవుల్లో పదో తరగతి జీరో పీరియడ్ ఎత్తివేయాలని మా యాజమాన్యానికి రాసి ఇచ్చాను. ‘మీరు చెప్పింది సబబే మేడమ్, పక్క బడివాళ్లు తీస్తే మేమూ తీస్తాం’ అన్నారు. పక్క బడిలో చెప్పే మిత్రురాలికీ అచ్చం అదే జవాబు వచ్చింది. అందుకే అడగవలసింది ఉపాధ్యాయులం కాదు, ఫీజు కట్టేవాళ్లు. వచ్చే ఏడాది అడ్మిషన్ల కోసం ఏసీ గదుల గురించి, డిజిటల్ బోర్డుల గురించి, ఐఐటీ ఫౌండేషన్ గురించి విచారించేటప్పుడు మీ వీధి స్టాపుకు బస్సు ఎన్నింటికి వస్తుందో, పదో తరగతికి వచ్చాక ఎన్నింటికి వస్తుందో కూడా అడగండి, ఆ రెండు సమయాలనూ దరఖాస్తు మీద రాయించుకోండి.